ఎన్ని చెంచాలు

పొద్దున ఆరున్నరకు ల్యాబు షట్టరు సగం ఎత్తేసరికే
మెట్టు మీద మౌలాలి మామ.
పరగడుపున వచ్చినాడు.
అరచేతుల నిండా నన్నారి వాసన.
నలభై ఏండ్లుగా ఆదోని పత్తి మార్కెట్టు గేటు కాడ
సర్బత్తు బండి ఆయనది.
సూది గుచ్చుతుంటే మొగం తిప్పుకోలేదు,
గాజు గొట్టంలోకి ఎక్కే నెత్తురును
పాకం పదును చూసినట్టు చూసినాడు.

మూడు వందల పన్నెండు.

కాగితం చేతికిస్తే తిరగేసి మరగేసి
"ఇది ఎన్ని చెంచాలు పాపా?" అన్నాడు.

ఏడేండ్లుగా ఈ కుర్చీలో కూర్చున్నా
ఎవరూ అడగని ప్రశ్న.
పెన్ను తీసి బిల్లు వెనక లెక్కేసినా.
ఒంట్లో ఐదు లీటర్ల నెత్తురు,
తల నుంచి కాలి బొటనవేలి దాకా అంతటికీ కలిపి
ఉండాల్సింది ఒక్క చెంచాడు చక్కెర.
"నీకిప్పుడు మూడు తిరగతాండాయి మామా."

నవ్వినాడు, మూడేనా అని.
గ్లాసుకు ఆరు లెక్కన పాకం కాచే చెయ్యి అది.

మళ్లా సంచిలో నుంచి ఓ నల్ల సీసా తీసినాడు,
మనవడు సగం తాగి మంచం కింద మరిచిపోయింది.
"దీన్లో ఏముండాదో సదువు."
చీమ కాళ్లంత అక్షరాలు.
సెల్ఫోను లైటేసి చదివినా.
నీళ్లు. గాలి. చక్కెర.
ఆ తర్వాత పేర్లు లేవు, నంబర్లే,
జైల్లో ఉన్నోళ్లకు మాదిరి.
మూడు ముప్పై ఎనిమిది: పులుపు.
నూటయాభై డి: రంగు.
వందకు పదిన్నర గ్రాములని ఒక మూలన, సిగ్గుపడతా.
ఆరువందల సీసాకు గుణిస్తే
పన్నెండు చెంచాలు,
పదమూడో దాంట్లో సగానికి పైన.

మూత తిప్పి ఒక్క చుక్క నాలిక మీద ఏసుకున్నాడు.
వెచ్చగా ఉంది, గ్యాసు ఎప్పుడో పోయింది.
"థూ, బెల్లం కుండ కడిగిన నీళ్లు!
సల్లగుంటే తెలీదు పాపా.
ఐసు నాలికను మొద్దుబారుస్తాది,
గ్యాసు దాన్ని గిల్లుతాంటాది,
ఈ సందులో తీపి జేబు కొట్టేస్తాది.
నేనట్ల కాదు, అందరి ముందరే కాస్తా పాకం."

"కాచినాక కనపడతాదా మామా?"

ఏమీ అనలేదు.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
నిమ్మకాయల సంచిలో దోపుకున్నాడు.

మూడు రోజులకు సాయంత్రం డ్యూటీ దిగి అట్ల పోయినా.
రణమండల కొండ రాళ్లు ఇంకా పెనం మాదిరే ఉండాయి.
బండి కాడ ఎన్నడూ లేని ఆలస్యం.
చక్కెర లేకుండా కాచిన వేర్ల కషాయం ఒక సీసాలో,
పక్కన స్టీలు డబ్బా, దాంట్లో చెంచా.
ప్రతి గ్లాసుకూ ఆగి అడుగుతున్నాడు:
"ఎన్ని?"

"ఎప్పుడూ ఏసేటన్నే ఏయ్" అన్నాడు ఓ కాలేజీ పిల్లోడు.
"అవెన్నో నీకు తెలుసునా?"
టైలరు జుబేదక్క రెండు చాలంది,
ఒక గుక్క తాగి, మూతి ముడిచి,
ఇటూ అటూ చూసి మూడోది అడిగింది.
ఒకాయన తిట్టుకుంటా
ఎదురంగడి ఫ్రిజ్జు దిక్కు నడిచినాడు.
నేను ఒకటి అన్నా.
ఇన్నేండ్లకు తెలిసింది వేరు రుచి:
తడిసిన మన్ను, చివరన సన్నటి చేదు.

అప్పుడొచ్చినాడు హమాలీ బజారప్ప,
కనురెప్పల మీద పత్తి పీసు, మెడ మీద బోరం ఒరిపిడి.
"ఆరెయ్యి మామా, గుమ్మటంగా.
పొద్దుట్నుంచి మూడు లారీలు.
సంగటి ముద్ద మూట్లోనే ఉండాది,
యిప్పేకి పొద్దు చిక్కల్యా."

చెంచా డబ్బా మీద ఆగింది.
అంచు నుంచి నాలుగు పలుకులు రాలి
ఐసు గోనె మీద పడినాయి.
మౌలాలి మామ నా మొగం చూసినాడు,
ఇప్పుడు లెక్క చెప్పమన్నట్టు.

నేను గ్లాసు అడుగున
ఉబ్బిన సబ్జా గింజల్ని చూస్తా
నిలబడినా.